హాల్లో రెక్క

మార్చి 6

హాల్లో రెక్క ఉంది. విమానం రెక్క. ఒకరింటికి కర్టెన్లు ఇచ్చి వచ్చేసరికి అత్తయ్య సోఫాను వరండాలోకి గెంటించి, రెక్కను స్టూళ్ళ మీద ఈ మూల నుంచి ఆ మూలకి పెట్టించింది. ఒక కొస వీధి కిటికీని ఆనుకుని ఉంది, ఇంకో కొస వంటింట్లోకి దూరింది. టీ పెట్టుకోవాలంటే నడుం వంచి దాని కింద నుంచి పోవాలి.

"ఇదేంటత్తయ్యా?" అన్నాను.

"కుడిది. ఎడమది రేపొస్తుంది," అంది.

డెబ్భై రెండేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెప్పడం మానేశాక బుద్ధిగా ఇంటిపట్టున ఉంటుందని నాన్న అనుకునేవాడు. చెల్లెలి గురించి నాన్న అంచనాలు ఎప్పుడూ తప్పే.

నేను ఇక్కడికి కొన్నాళ్ళు తల దాచుకుందామని వచ్చాను. పదహారేళ్ళ కాపురం రెండు సూట్‌కేసుల్లో పట్టింది. కుట్టుమిషన్ వేరే. ఆ రెండో ఆవిడకి నా అల్మరా సరిపోయిందో లేదో. నాకేం పట్టలేదు. ఊరికే రాశాను.

మార్చి 7

ఎడమది వచ్చింది. అది నా గదిలో.

మార్చి 12

అత్తయ్య నన్ను ఎయిర్‌ఫీల్డుకి తీసుకెళ్ళింది. ఊరి చివర గడ్డి మైదానం, రేకుల షెడ్లు. చివరి షెడ్డులో రెక్కలు ఊడదీసిన విమానం ఈకలు పీకిన కోడిలా నిలబడి ఉంది. ఒకే ఇంజను. పైకప్పు లేదు. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు. ఒంటి మీద, దేశాన్ని గుర్తుపట్టే అక్షరం తరవాత, నాలుగు అక్షరాలు: ఆర్, ఎ, వి, ఇ.

"చదువు," అంది అత్తయ్య.

"రేవ్."

"నీ మొహం. రావే. నాకు ఇరవై ఏళ్ళప్పుడు మొదటిసారి దీని ముందు నిలబడితే ఇది నన్నలాగే పిలిచింది."

అది ఎగిరి పందొమ్మిదేళ్ళయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్ళు ఎప్పుడో దాన్ని జాబితాలోంచి కొట్టేశారు. ఇప్పుడు ఎయిర్‌ఫీల్డు మేనేజరు, రిజిస్టర్‌లో లేనిదానికి షెడ్డు ఇవ్వనని, ఏడాది చివరికల్లా ఖాళీ చెయ్యమని చెప్పాడు. ఒక హోటలాయన కొంటానని వెంటపడుతున్నాడు. ఆయన భోజనాల గదిలో పైకప్పు నుంచి వేలాడదీస్తాడట.

"తినేవాళ్ళ నెత్తిన వేలాడాలట అది. పక్కన నన్నూ వేలాడదీస్తే సరిపోతుంది," అంది అత్తయ్య. తరవాత నా వైపు తిరిగి, "ఇంజను సంగతి సుత్తి చూస్తాడు. రెక్కలకి కొత్త గుడ్డ వెయ్యాలి. నీకు కుట్టు వచ్చుగా," అంది.

నేను సోఫా కవర్లు కుడతాను. ఆ మాటే చెప్పాను.

"ఇదీ అంతే. కాకపోతే దీని మీద కూర్చోరు."

మార్చి 21

సుత్తి అంటే మెకానిక్కు. యాభై ఉంటాయి. చాలా ఏళ్ళ కిందట భార్య పోయింది. అత్తయ్య దగ్గర విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు కాబట్టి ఇప్పటికీ ఆమెను పంతులమ్మగారూ అంటాడు. ఆ పేరు చేతిలో పనిముట్టు వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చింది. ఇవాళ హాల్లో పాత గుడ్డ చింపుతున్నంతసేపూ ఒక నట్టు గురించి చెప్పాడు. ఒకే ఒక్క నట్టు.

నేను వినలేదు. అది ఎడమ మర కాబట్టి అందరూ తప్పు వైపు తిప్పి పాడు చేస్తారట, ముందు వేడి చేసి, నూనె పోసి, ఒక పూట వదిలేస్తే అదే వస్తుందట. మనుషులూ అంతేనట.

ఏప్రిల్ 3

రెక్క లోపల చెక్క పక్కటెముకలు ఉంటాయి. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ. ప్రతి ఎముక వెంబడీ పొడుగాటి సూదితో ఆ వైపు నుంచి ఈ వైపుకి కుట్టాలి. రెక్కను నిలబెట్టి, అటు ఒకరు ఇటు ఒకరు. నేను సూది గుచ్చితే అవతల నుంచి సుత్తి లాగి, పక్కనే వెనక్కి గుచ్చుతాడు. నేను అందుకుని ముడి వేస్తాను. ఒకరికొకరం కనిపించం. గుడ్డలోంచి సూది కొన, మాటలు మాత్రం వస్తుంటాయి.

మాటలు, మాటలు, మాటలు.

ఏప్రిల్ 17

సుత్తి రాలేదు. ఏదో పని మీద ఊరెళ్ళాడట. అవతల అత్తయ్య నిలబడింది. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. హాయిగా పని చేసుకున్నాను.

మూడు కుట్లు వంకర పోయాయి. విప్పి మళ్ళీ కుట్టాను.

ఏప్రిల్ 18

ఇవాళా రాలేదు. మంచిదే.

ఏప్రిల్ 19

వచ్చాడు. బస్సులో కలిసిన ఒకాయన పంపుసెట్టు గురించి మాకు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. కుడి రెక్క సగం అయిపోయింది.

మే 9

కోర్టులో విడాకుల సంతకాలయ్యాయి. అతను కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఇస్త్రీ మడతలు సరిగా లేవు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి బట్టలు మార్చుకుని రెక్క దగ్గర నిలబడ్డాను. "ఇవాళ వద్దులేవే," అంది అత్తయ్య. సుత్తి అవతలకి వెళ్ళి నిలబడ్డాడు. నేను సూది గుచ్చాను. తిరిగొచ్చింది. గుచ్చాను. తిరిగొచ్చింది. పొద్దుగుంకేదాకా ఆ మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సూది మాత్రం ప్రతిసారీ సరిగ్గా నా చేతికందే చోటే వచ్చింది.

వెళ్తూ గుమ్మం దగ్గర, "కుట్టు బాగా కుదిరిందండీ," అన్నాడు. అంతే.

తలుపేసుకుని ఏడ్చాను. బాధకి కాదు. ఎందుకో తెలియదు. తరవాత మాత్రం బాగా ఆకలేసింది, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

జూన్ 14

రెక్కలకి బిగుసు పూత వేశాం, షెడ్డు బయట, ముక్కులకు గుడ్డలు కట్టుకుని. ఆ ద్రవం పూసేటప్పుడు వదులుగా వేలాడిన గుడ్డ ఆరేకొద్దీ దానంతటదే బిగుసుకుంది. వేలితో కొడితే డోలు మోగినట్టు మోగింది. నేను కొట్టాను, సుత్తి కొట్టాడు, అత్తయ్య రెండు చేతులతో దరువేసింది. పక్క షెడ్డువాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారు.

ఇల్లు ఖాళీ అయింది. సోఫా లోపలికి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళేటప్పుడు ఇద్దరం ఇంకా వంగుతూనే ఉన్నాం.

జులై 2

రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. విమానాన్ని మళ్ళీ నమోదు చేస్తారట. తనిఖీకి మనిషిని పంపుతారట. అయితే ‘రావే’ అక్షరాలు మూడేళ్ళ కిందటే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఖాళీగా ఉన్నవాటిలో ఇంకేవైనా కోరుకోవచ్చట.

అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే వద్దు. నన్ను వేరే పేరుతో పిలిస్తే పలుకుతానా? అదీ పలకదు."

"విమానం అదే కదా అత్తయ్యా."

"నీకు తెలీదు. ఊరుకో."

జులై 5

అత్తయ్య అన్నం సరిగా తినడం లేదు. షెడ్డుకి రావడం లేదు. హోటలాయన ఫోన్ చేస్తే మొదటిసారి తిట్టకుండా పెట్టేసింది. దానికే నాకు భయం వేసింది.

జులై 11

ఆ అక్షరాలు ఎవరి దగ్గరున్నాయో సుత్తి కనుక్కున్నాడు. పక్క ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు. ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. దారిలో అత్తయ్య ఏం మాట్లాడాలో పెదవులు కదుపుతూ సాధన చేసుకుంది. నేను చూడనట్టు కూర్చున్నాను.

డాక్టరు మంచివాడు, సిగ్గరి. తెల్లగా మెరిసిపోతున్న కొత్త విమానం చూపించాడు. దాని మీద ఆర్, ఎ, వి, ఇ. అత్తయ్య దగ్గరికెళ్ళి వాటి మీద చెయ్యి వేసింది.

"బాబూ, ఈ అక్షరాలు నావి. నీ తప్పేం లేదనుకో. నాకు తిరిగిస్తావా?"

ఆయన తల గోక్కున్నాడు. "అమ్మా, మీకు ఇవ్వకూడదని కాదు. మా పాప మొట్టమొదట పలికిన మాట అది. నేను మా ఆవిడని పిలుస్తుంటే విని పట్టుకుంది. అమ్మా అనలేదు, నాన్నా అనలేదు. పాకుతూ గుమ్మం దాకా వచ్చి, ‘రావే’ అంది. అందుకని ఏరికోరి పెట్టించుకున్నాం."

అత్తయ్య అక్షరాల మీద నుంచి చెయ్యి తీసింది. "పాపకిప్పుడు ఎన్నేళ్ళు?"

"నాలుగు. ఇప్పుడు వాళ్ళమ్మని ఇంకా చాలా అంటుందిలెండి."

అత్తయ్య నవ్వింది. పది రోజుల తరవాత నవ్వింది. డాక్టరు ఆమెను ఎక్కించుకుని మబ్బుల దాకా తిప్పి తెచ్చాడు. దిగాక, ఎలా ఉందని అడిగాడు పాపం. "కుర్చీ బాగుంది. గాలే ఎక్కడా తగల్లేదు," అంది.

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని, "పిల్లదాని నోట్లోది లాక్కుంటామా," అంది. ఎవరితో అన్నదో తెలియదు.

జులై 13

షెడ్డులో అక్షరాల పంచాయితీ. అత్తయ్యకి ఏదీ నచ్చడం లేదు. సుత్తి, తన పేరు పెట్టుకోవచ్చు గదా, తనకేం అభ్యంతరం లేదు, ఎస్, యు, టి, ఐ, లెక్క కూడా సరిగ్గా సరిపోయిందన్నాడు. అక్కడ నుంచి అక్షరాలు ఎంత ఎత్తు ఉండాలి, ఎంత మందం ఉండాలి, ఎంత దూరం నుంచి కనపడాలి అని మొదలుపెట్టాడు.

అత్తయ్య విసిగిపోయి లేచింది. "మీ ఇద్దరి కబుర్లతో పొద్దుపోయింది. ఇంటికెళ్దాం, పద."

సుత్తి ఠక్కున ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. సుద్దముక్క తీసుకుని విమానం పక్కన రాశాడు: పి, ఎ, డి, ఎ.

అత్తయ్య వెనక్కి వచ్చి చదివింది. మొదట మనసులో. తరవాత పైకి. "పద."

ఇంకోసారి అంది, ఈసారి విమానంతో.

జులై 15

దరఖాస్తు నింపాం. యజమాని పేరు దగ్గర అత్తయ్య నా పేరు రాయమంది. నాకెందుకని గింజుకున్నాను.

"నేనింకెన్నాళ్ళు? అది ఇంకో ఇరవై ఏళ్ళు ఎగురుతుంది. దానికి నాలాంటి ముసలిదాన్ని కట్టబెట్టి ఏడిపించనా? రాయి."

పేరు రాశాను. ఇంటిపేరు గడి దగ్గర పెన్ను ఆగింది. అత్తయ్య భుజం మీద నుంచి తొంగి చూసింది.

"మన ఇద్దరిదీ ఒకటేగా. నాది చూసి రాసుకో," అంది.

చూడకుండానే రాశాను. పదహారేళ్ళ తరవాత కూడా చెయ్యి మరిచిపోలేదు.

ఆగస్టు 8

నాకు విమానం నడపడం మీద ఏ ఆసక్తీ లేదు. యజమాని అన్నాక కాస్త తెలిసి ఉండాలని అత్తయ్య పోరితే, భోజనాల కుర్చీలో కూర్చుని కాళ్ళ మధ్య చీపురు కర్ర పట్టుకున్నాను. వెనక కుర్చీలో ఆమె. "ముందుకు తొయ్యి, ముక్కు దిగుతుంది. లాగు, లేస్తుంది. పక్కకి వంచు, రెక్క వాలుతుంది. అంత గట్టిగా పీక నొక్కకే, అదేం చేసింది నిన్ను?"

సుత్తి నట్లు తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. నవ్వు ఆపుకోవడం ఆయనకి చేతకాదు.

ఆగస్టు 23

క్లబ్బు విమానంలో ఒక పాఠం. ఊరికే.

ఆగస్టు 30

ఇంకోటి. ఊరికే.

సెప్టెంబరు 18

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మొహం మీద నవ్వు అనేది పుట్టినప్పటి నుంచి లేనట్టుంది. ముందు సీటు దగ్గర ఇత్తడి పలక ఉంది. దాని మీద తయారు చేసినవాళ్ళ వరస నంబరు, సంవత్సరం. విమానం అత్తయ్యకంటే రెండేళ్ళు పెద్దది. "అందుకే దాన్ని ‘మీరు’ అనాలి," అన్నాడు సుత్తి. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

నంబర్లో చివరి అంకె అరిగిపోయింది. మూడో, ఎనిమిదో తెలియడం లేదు. మూడు అయితే మనది. ఎనిమిది అయితే, ఆ నంబరు విమానం ఎప్పుడో కూలిపోయినట్టు వాళ్ళ రికార్డుల్లో ఉందట. అలాంటప్పుడు ఇది ఏదో తెలియని విమానం కిందికి వస్తుంది, సంతకం పెట్టనన్నాడు. అత్తయ్య చెయ్యి నా చేతిని వెతుక్కుంది.

ఆయన పలచటి కాగితం పలక మీద ఆనించి, పెన్సిల్‌ని అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి. చివరిది ఎడమ పక్క తెరుచుకునే ఉంది.

"మూడు," అన్నాడు.

అత్తయ్య నా చెయ్యి వదిలేసింది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

తరవాత రెక్కల చుట్టూ తిరిగాడు. కుట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయాడు. "ఎవరు కుట్టారు?" అని అడిగాడు.

"ఇటు నుంచి నేను. అటు నుంచి ఆయన," అన్నాను.

సంతకం పెట్టాడు.

ఆయన వెళ్ళాక అత్తయ్య నాతో, "సుత్తి ఎప్పటి నుంచి ‘ఆయన’ అయ్యాడే?" అంది. పెద్దవాళ్ళని అలాగే అంటారని చెప్పాను. ఆరేళ్ళు పెద్ద. పెద్దే కదా.

అక్టోబరు 10

కళ్ళ డాక్టరు అత్తయ్యకి ఒంటరిగా నడపడానికి ఒప్పుకోలేదు. లైసెన్సు ఉన్న పైలట్ తోడుంటే నడపొచ్చన్నాడు. ఏడుస్తుందేమోననుకున్నాను. "ఆ అక్షరాల పట్టిక అంత చిన్నగా రాసుకుంటే ఎవడికి కనపడుతుంది," అని డాక్టర్ని తిట్టి, బజారుకెళ్ళి కొత్త బూట్లు కొనుక్కుంది.

అక్టోబరు 25

అక్షరాలు రాశాం. అక్షరాల అచ్చులు అట్టల్లో కత్తిరించింది నేను, రంగు వేసింది ఆయన. నీలం. అత్తయ్య దూరంగా కుర్చీ వేసుకుని, ఎక్కడ నుంచైనా కనపడుతున్నాయా లేదా అని మైదానం అంతా కుర్చీ జరుపుకుంటూ పోయింది. చివరికి గేటు దగ్గర తేలింది. అక్కడ నుంచి చెయ్యెత్తింది.

నవంబరు 2

అన్నీ రాయాలి. ఏదీ వదలకూడదు.

పొద్దున్న గాలి లేదు. మొదట ఆయన ఒక్కడే పైకి తీసుకెళ్ళి పరీక్ష చేసి దింపాడు. మేనేజరు వచ్చాడు. హోటలాయన కూడా వచ్చాడు, చివరి ఆశ చావక. పళ్ళ డాక్టరు భార్యనీ పాపనీ తీసుకొచ్చాడు. పాప అత్తయ్య బూట్లు చూసి, తనకీ అలాంటివి కావాలంది.

తరవాత అత్తయ్య వెనక సీటులో ఎక్కింది. దీన్ని నడిపేది వెనక సీటు నుంచే. తోడుగా ఆయన ముందు సీటులో. ఇంజను అందుకుంది. గడ్డి మీద గెంతుకుంటూ పోయి, ఒక చోట గెంతడం మానేసింది. అంతే, నేల వదిలింది. నేను కుట్టిన గుడ్డ మీద ఇద్దరు మనుషులు గాలిలో ఉన్నారు.

చుట్టు తిరిగి మా నెత్తి మీదుగా వచ్చినప్పుడు చూశాను. ముందు సీటులో ఆయన రెండు చేతులూ తల పైకి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. మా అందరికీ కనపడేలా. నడుపుతున్నది ఆమే, తను ఏదీ ముట్టుకోవడం లేదని. మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

అత్తయ్య దింపింది. ఒకసారి ఎగిరిపడింది, రెండోసారి కూర్చుంది. దిగడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. జుట్టంతా రేగిపోయి ఉంది. హోటలాయన ముందుకొచ్చి, "మాటల్లేవండీ," అన్నాడు. "అయితే మాట్లాడకు," అంది. నా వైపు తిరిగి, "నువ్వెక్కు," అంది.

ముందు సీటులో నేను, వెనక ఆయన. సీట్ల మధ్య మాటలకి రబ్బరు గొట్టాలు రెండు ఉంటాయి. వెనక నుంచి ముందుకు వచ్చేది బాగుంది. ముందు నుంచి వెనక్కి పోయేది ఎండి పగిలింది, కొత్తది ఇంకా దొరకలేదు. అంటే ఆయన మాట్లాడగలడు, నేను వినగలను. తిరిగి చెప్పడానికి లేదు.

"మీకు అలవాటేగా," అన్నాడు.

పైకి వెళ్ళాం. చల్లటి గాలి మొహాన కొట్టింది. కింద షెడ్లు అగ్గిపెట్టెల్లా అయ్యాయి. అత్తయ్య ఇల్లు కనపడింది, మేడ మీద ఆరేసిన నా దుప్పటి కూడా. నడిపే కర్ర నాకొదిలాడు. పట్టుకున్నాను. పీక నొక్కలేదు. విమానం నా మాట విన్నది. నాకు నవ్వొచ్చింది, పైకే నవ్వాను, ఎవరికీ వినపడదు కదా అని ఇంకా గట్టిగా నవ్వాను.

చెవిలో ఆయన మొదలుపెట్టాడు. ఇంజను చప్పుడు బాగుంది. ఆయిలు బాగుంది. గుడ్డ ఎక్కడా అదరడం లేదు. ఆ నట్టు, గుర్తుందా, ఎడమ మరది, అది కూడా బాగుంది. నేను వింటూనే ఉన్నాను. ఎప్పుడూ వింటూనే ఉన్నాను, ఇప్పుడు రాయడానికేం.

తరవాత, గొంతు సవరించుకుని:

"మిమ్మల్ని ఒకటి అడుగుదామని ఎండాకాలం నుంచి అనుకుంటున్నానండీ. కింద అడిగితే మీరు మాట మార్చేస్తారు. ఇక్కడైతే మార్చడానికి లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా? వద్దనుకుంటే ఏం చెయ్యక్కర్లేదు, తిన్నగా పోనివ్వండి. నేనిక ఎప్పుడూ ఈ మాట ఎత్తను. నట్ల గురించే మాట్లాడతాను. సరేననుకుంటే రెక్కలూపండి."

ఎదురుగా అంతా ఆకాశమే. కాసేపు తిన్నగా పోనిచ్చాను. పాపం, ఆ కాసేపూ ఆయన ఏమైపోయాడో.

తరవాత కర్రను కుడికి వంచాను. కుడి రెక్క వాలింది, హాల్లో ఉన్న రెక్క. ఎడమకి వంచాను. నా గదిలో ఉన్నది వాలింది. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. "అర్థమైంది, అర్థమైందండీ," అంటున్నాడు చెవిలో, "చాలండీ." నేను ఆపలేదు.

కింద మైదానంలో అత్తయ్య, రెక్కలూపింది తనకే అనుకుని, రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. ఊపుతూ ఊపుతూ కొత్త బూట్లతో గడ్డిలో పరుగెత్తింది కూడా.

దిగాక మా ఇద్దరినీ ఒకేసారి పట్టుకుని, "నాకు చెయ్యూపినట్టు ఊపారు కదూ, చూశాన్లే," అంది. కళ్ళ నిండా నీళ్ళు.

"అవునత్తయ్యా," అన్నాను.

ఆయన నోరు తెరవబోయాడు. కాలు తొక్కాను.

రేపు చెబుతాం. ఇవాళ్టికి ఆ రెక్కలు ఆమెకే ఊపినట్టు ఉండనీ.